మా సీనియరుగారు గవర్నరైన వైనం

నందిగామ కోర్టులో కొత్తగా నల్లకోటు వేసుకున్న రోజుల్లో నాకు సీనియరుగా దొరికినాయన ఒకప్పుడు సైన్యంలో అధికారి. సరిహద్దులో నిజంగానే పోరాడాడు. తొడలో తూటా దిగితే ఆ కాలు కాస్త ఈడ్చి నడిచేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. పిరికివాడైతే నేనెప్పుడో క్షమించి ఉండేదాన్ని.

సైన్యం నుంచి వచ్చాక లా చదివాడు. ఇల్లు జగ్గయ్యపేటలో, ఆఫీసు నందిగామలో. ఆఫీసులో కుర్చీలకు కొదవ లేదు. కానీ వాటిలో ఆయన తిరిగే రాజకీయ పార్టీవాళ్ళు కూర్చునేవాళ్ళు, కేసులున్నవాళ్ళు గోడవారన నిలబడేవాళ్ళు. కోర్టులో జడ్జిగారు బెంచి మీదకి వచ్చేసరికి మా సీనియరుగారి కాలు మరికాస్త ఎక్కువగా ఈడ్చుకుపోయేది. జూనియర్లం చూసి తలలు దించుకునేవాళ్ళం.

కీసర దగ్గర హైవే పక్కన కొన్ని పాకలుండేవి. అందులో ఒకావిడ ఇడ్లీలు, టీ అమ్మేది. ఆమె భర్త లారీ డ్రైవరు. పాకల వెనక ఆ పార్టీ నాయకుడొకాయన ఫంక్షన్ హాలు కడుతున్నాడు. ముందున్న పాకలు ఆయన కంటికి నలుసయ్యాయి. తీసేస్తారని తెలిసి ఆవిడే నలుగురినీ కూడగట్టి మా ఆఫీసుకొచ్చింది. సీనియరుగారు దావా వేసి స్టే తెచ్చారు. ఆ రోజు ఆవిడ ఆఫీసు మొత్తానికీ ఇడ్లీలు తెచ్చిపెట్టింది. ఆయన రెండో వాయి కూడా తిన్నాడు.

కొన్నాళ్ళకి వాయిదా వచ్చింది. ఆయన లేచి నిలబడి, ఈ దావా మేము నడపడం లేదని జడ్జిగారికి చెప్పేశాడు. పక్కనున్న నాకే తెలియదు. వరండాలో ఆయన వెంటపడ్డాను.

"వాళ్ళకి చెప్పారా అండి?"

"వెనక్కి తగ్గేముందు కమాండరు ప్రతి సిపాయినీ అడుగుతాడా అమ్మా?"

ఎంత నిబ్బరంగా అన్నాడంటే, కాసేపు అది న్యాయమేనేమో అనిపించింది. ఆ వారంలోనే పొక్లెయిన్ వచ్చింది. ఆవిడ మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "స్టే ఉంది కదా అని గిన్నెలు కూడా తియ్యలేదమ్మా" అంది. ఏడవలేదు. లోపల సీనియరుగారు ఫోనులో హిందీలో నవ్వుతున్నారు. ఫంక్షన్ హాలు ప్రారంభానికి రిబ్బను కత్తిరించింది ఆయనే. నేను ఆయన ఆఫీసు మానేసి, కోర్టు ఎదుట ఒక మేడమీద గదిలో బల్ల వేసుకున్నాను.

తర్వాత ఆయన వేగంగా ఎదిగాడు. పార్టీలో పదవి, ఢిల్లీలో పరిచయాలు, చివరికి ఎక్కడో దూరాన కొండల రాష్ట్రానికి గవర్నరు. మా లాయర్లు ఒక గుంపుగా చూడటానికి బయలుదేరితే నేనూ వెళ్ళాను. ఆయన కోసం కాదు, ఆ కొండల కోసం.

రాజ్‌భవన్‌లో టీ ఇచ్చిన అమ్మాయి అక్కడి పండగ బట్టలు వేసుకుని ఉంది. మెడ నిండా బరువైన పూసలు. చేతుల్లో ట్రే ఉండగానే భుజంతో మెడ రుద్దుకుంటోంది. అతిథులొచ్చినప్పుడల్లా అలా వేసుకోవాలని ఆయన ఆర్డరట.

"మంచి జనమేనయ్యా, కాకపోతే చిన్నపిల్లల్లాంటోళ్ళు" అన్నాడు గవర్నరుగారు. "మన గేటెదురుగా సంత పెట్టేవాళ్ళు. ఒకటే కంపు. లోయలోకి మార్పించా."

"వాళ్ళనడిగారా అండి?" అన్నాను.

"అడిగితే ఒప్పుకుంటారా?"

మావాళ్ళంతా పకపకా నవ్వారు. కోర్టులో న్యాయం, ధర్మం అని గొంతులు చించుకునేవాళ్ళే. మర్నాడు లోయ అంచున నిలబడి చూశాను. అమ్ముడుపోని కూరగాయల బుట్టలు వీపున కట్టుకుని ఆడవాళ్ళు బురదలో పైకి ఎక్కుతున్నారు.

పదవి ముగిశాక జగ్గయ్యపేటలో ఆయనకి సన్మానం. బ్యానరు మీద 'రాజనీతిజ్ఞుడు' అని ఆయన తలకన్నా పెద్ద అక్షరాలు. పాత శిష్యురాలినని నన్ను మాట్లాడమన్నారు. ఒప్పుకున్నాను. కీసర పాకల సంగతి, స్టే సంగతి, ఆయన వదిలేసిన సంగతి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరో మైకు తీసుకోబోతే ఆయనే చేయెత్తి ఆపి, తను అందుకున్నాడు.

"మా అమ్మాయి మనసు మెత్తన. ఆ హాల్లో ఇయ్యాళ ఎన్ని పెళ్ళిళ్ళవుతున్నయ్యో మీకందరికీ తెలుసు. నాయకుడనేవోడు దూరం చూడాలి."

చప్పట్లు మారుమోగాయి. ముందు వరసలో ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆ చప్పట్లు కొట్టిన చేతుల మీద అప్పటినుంచీ నాకు గౌరవం లేదు.

ఇడ్లీలావిడ ఇప్పుడు కంచికచర్లలో చిన్న షట్టరు అద్దెకు తీసుకుని టిఫిన్లు పెడుతోంది. సభ సంగతి చెబితే, "అందరి ముందరా మా సంగతి చెప్పారా అమ్మా?" అని అడిగి, చట్నీ గిన్నె నా ముందుకు జరిపింది. ఆ పాకలవాళ్ళలో ఇద్దరు ఎక్కడున్నారో ఆవిడకీ తెలియదు.

మొన్న కోర్టు ఆవరణలో ఆయన ఎదురయ్యాడు. చుట్టూ కుర్ర లాయర్లు.

"ఏమ్మా, ఇంకా కోపమేనా?"

"కోపం కాదండి" అన్నాను.

మరేమిటని ఆయన అడగలేదు. నా కేసు పిలిస్తే లోపలికి వెళ్ళిపోయాను.