గాజుకి అంటిన తెలుపు

బొగ్గులో ఏ మూలకం ఎంతుందో తేల్చే పనిలో ఆవిడది అందెవేసిన చెయ్యి. ప్రయోగశాలలో అందరికీ ‘పెద్దక్క’. కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ మిగతావాళ్లు చూస్తారు. గంధకం మాత్రం ఆవిడదే. బొగ్గుపొడిని మెగ్నీషియా, సోడా కలిపిన తెల్లమందుతో కలిపి కొలిమిలో కాల్చి, వేడినీళ్లలో వేసి వడగట్టి, ఆ నీళ్లలో బేరియం ద్రావణం చుక్కలు వేస్తే గంధకం తెల్లటి పొడిగా అడుగున పేరుకుంటుంది. దాన్ని గాజుపాత్రలోంచి రవ్వ మిగలకుండా తీసి తూచాలి.

ఆ రవ్వలు కొన్నాళ్లుగా ఆవిడ కళ్లకి ఆనడం లేదు. శుక్లాలు. కళ్లకేమైందని ఎవరైనా అడిగితే బొగ్గునలుసు పడిందని బుకాయించేది. చెబితే బల్ల దగ్గర్నుంచి లేపేస్తారని భయం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే సాగింది వ్యవహారం. పట్టుబడే దారీ లేదు మరి. ఆక్సిజన్‌ని అక్కడెవరూ కొలవరు. నూటిలోంచి మిగతావన్నీ తీసేయగా మిగిలిందే దాని లెక్క. గంధకంలో ఎంత పోయినా ఆ ఆక్సిజన్ మహాతల్లి కిక్కురుమనకుండా తన ఖాతాలో వేసుకుంటుంది.

మొన్న పాత్ర కడగబోతూ లోపల వేలు పెడితే గరగరమని పొడి తగిలింది. గంధకం ఎంతని తను రాస్తే, ఆ బొగ్గు కాల్చే బాయిలరు పొగ ఘాటు తగ్గించడానికి అంతకు తగ్గ సున్నమే వేస్తారు. అక్కడ పనిచేసేది సొంత తమ్ముడు. ఈమధ్య వాడి దగ్గుకి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

తిన్నగా వెళ్లి ఆఫీసరుతో చెప్పేసింది. దాచి ఉంచిన నమూనాలు ఇంకొకరు పరీక్షిస్తే అన్నిట్లోనూ గంధకం ఎక్కువే తేలింది. ఆ బొగ్గంతా ఎప్పుడో కాలిపోయింది.

“ఇక బల్ల దగ్గరికి రాకమ్మా,” అన్నాడు ఆఫీసరు, మొహం చూడలేక.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు కంచం ముందున్నాడు.

“ఇన్నాళ్లూ గంధకం తక్కువ చూపించింది నేనేరా. నాకు కళ్లు సరిగ్గా ఆనట్లేదు. నీ దగ్గు నా పుణ్యమే.”

వాడి చేతిలో ముద్ద ఆగింది. ఆవిడ తిట్లకి సిద్ధపడి తలొంచుకుంది.

“ఎప్పట్నించి కనబడట్లేదక్కా? నాతో ఒక్కమాట చెప్పలేకపోయావా?”

ఆ జాలిని ఆవిడ తట్టుకోలేకపోయింది.

“ముందు నన్ను తిట్టరా,” అంటూ బావురుమంది.

వాడు ఏదో అనబోయాడు. దగ్గు తెర అననివ్వలేదు.