టార్చి బాబాయ్ ఓటు

విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో ఆయన్ని టార్చి బాబాయ్ అంటారు. అసలు పేరుతో పిలిచేది ఇద్దరే: జీతాల గుమాస్తా, కోపం వచ్చినప్పుడు భార్య. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట సన్నటి టార్చిలైటు ఉంటుంది. భోజనానికి కూర్చున్నా గిన్నెలోకి ఓసారి వెలుగు కొట్టి చూసుకుంటాడని తోటివాళ్లు చెప్పుకునేవారు. శుద్ధ అబద్ధం. ఒక్కసారే చూశాడు, అదీ కరెంటు పోయినప్పుడు.

ముప్పై ఒక్క ఏళ్లుగా విమానాల చక్రాలూ బ్రేకులూ ఆయన చేతుల మీదుగా వెళ్లాయి. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. బోల్టు బిగించినవాడే ‘బిగిసింది’ అంటే చెల్లదు. రెండోవాడు వచ్చి చూసి, సంతకం పెట్టి, తేదీ వేసి, తన నంబరున్న రబ్బరు ముద్ర కొట్టాలి. అప్పుడుగానీ విమానం గుమ్మం దాటదు. దాన్ని వాళ్లు ‘రెండో కన్ను’ అంటారు.

ఆ కంటి విలువ ఆయనకు నేర్పింది బావే. అంటే భార్యకు అన్నగారు. అప్పటికింకా బావ కాలేదు, ఒట్టి సీనియర్ మెకానిక్కు. బిగించిన బోల్టులు అదురుకు వదులు కాకుండా వాటి తలలన్నిటినీ కలిపి తీగ కడతారు. కొత్తలో ఒకనాడు మనవాడు తీగ కడుతూ ఒక తలను వదిలేశాడు. సీనియరు వంగి చూశాడు. అరవలేదు. “విప్పు. మళ్లీ కట్టు. నేనెక్కడికీ పోను” అని బకెట్టు బోర్లించుకుని గంటన్నర కూర్చున్నాడు. అంత ఓపిక ఉన్న ఇంట్లో పిల్ల కూడా అలాగే ఉంటుందనుకున్నాడో ఏమో, ఆ సంబంధం రాగానే మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. ఆ లెక్క కొంచెం తప్పింది, అది వేరే కథ.

బావ తరువాత యూనియన్ సెక్రటరీ అయ్యాడు. పంతొమ్మిదేళ్లు ఆ కుర్చీలోనే ఉన్నాడు. చెడ్డవాడు కాదు. కానీ ఎంతసేపూ మేనేజర్ల ఎదురుగా కూర్చునేవాడికి, వాళ్ల గొంతే దగ్గరగా వినిపిస్తుంది. పోయిన ఏడాది వాళ్లొక కాగితం ముందు పెట్టారు: చక్రాల పనికి ఇకమీదట ఒక్క సంతకం చాలు, పని త్వరగా తెములుతుంది. బావ ఎవర్నీ అడగకుండా సంతకం చేసి వచ్చాడు.

హ్యాంగర్ భగ్గుమంది. మెకానిక్కులు సొంతంగా కొత్త యూనియన్ పెట్టుకుని, ఇక తమ తరఫున ఎవరు మాట్లాడాలో ఓటు పెట్టి తేల్చమన్నారు.

“అన్నయ్యకి కాక ఇంకెవరికేస్తారు?” అంది భార్య.

“అది రహస్య ఓటే.”

“మీకు రహస్యమా! మీ సాక్సులు ఎక్కడున్నాయో కూడా నన్ను అడగాల్సిందే కదా.”

ఓటు కొత్త యూనియన్‌కే వేయాలని ఎప్పుడో తేల్చుకున్నాడు. బెంగల్లా ఒక్కటే, ఆ సంగతి బావకు తెలియకూడదు. ఓడిపోయే మనిషికి ఓడించినవాళ్లలో చెల్లెలి మొగుడు కూడా ఉన్నాడని తెలియడం అవసరమా?

క్యాంటీన్‌లో అట్టపెట్టెలు అడ్డం పెట్టి ఓటింగు జరిపారు. ఆయన లోపలికెళ్లి, కొత్త యూనియన్ గడిలో టిక్కు పెట్టి, కాగితం మడిచి పెట్టెలో వేసి బయటికొచ్చాడు. హమ్మయ్య అనుకుంటూ ముఖం తుడుచుకోబోతే బొటనవేలికి ఊదారంగు సిరా కనిపించింది. రెండో చేతిలో రబ్బరు ముద్ర ఉంది.

సంతకం. తేదీ. ముద్ర. ఓటు కాగితం మీద మూడూ కొట్టేశాడు.

వెనకటికి రాళ్లు చెక్కేవాళ్లు ఒక్కో రాయి మీదా తమ గుర్తు వేసుకునేవారట, కూలిపోతే ఎవరిదో తెలియాలని. ఈయనా ఆ జాతే. కూతురి ప్రోగ్రెస్ కార్డు మీద కూడా లైసెన్సు నంబరు వేసి పంపిన మనిషి. చేతికి పట్టిన అలవాటు, మెదడు దాకా వెళ్లి అనుమతి అడుగుతుందా?

సాయంత్రం లెక్కింపులో చెల్లని ఓట్లు విడిగా తీసి ఇరుపక్షాలకూ చూపించారు. లెక్కించే అధికారి తల పట్టుకున్నాడు. “ఇవేం ఓట్లయ్యా! సంతకాలు, తేదీలు, ముద్రలు! ఇలాంటివి తొమ్మిదున్నాయి.”

“సార్, టైము కూడా వేసుంటే విమానం ఎగిరిపోయేది” అన్నారెవరో. అంతా గొల్లుమన్నారు.

బావ నవ్వలేదు. ఒక కాగితం దగ్గర ఆగాడు. ఆ నంబరు ఆయనకు కంఠతా వచ్చు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, “చెల్లదు, రాసుకోండి” అన్నాడు మెల్లగా. టార్చి బాబాయ్ తలుపు దగ్గరే నిలబడి అంతా చూశాడు. ఎటూ పోలేక అక్కడే ఉండిపోయాడు.

కొత్త యూనియన్ ఇరవై మూడు ఓట్లతో గెలిచింది.

ఆ తరువాత రెండు వారాలు బావ ఫోన్ ఎత్తలేదు. భార్య అన్నం పెట్టేది గానీ మాట పెట్టేది కాదు. “చెల్లని ఓటుకి ఇంత గొడవా!” అని ఒకసారి నోరు జారాడు. “చెల్లేలా వేసుంటే బాగుండేదా?” అందావిడ.

మూడో సోమవారం, కుర్చీ పోయిన బావ మళ్లీ పని బట్టలు వేసుకుని హ్యాంగర్‌కొచ్చాడు. పొట్ట దగ్గర గుండీలు పట్టలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా ఒక చక్రం బిగించాడు, తీగ కట్టాడు. రెండో సంతకం కోసం కొత్త యూనియన్ ఇంకా మేనేజర్లతో మాట్లాడుతూనే ఉంది. కాగితం మీద ఉన్నది ఒక్క గడే. సంతకం పెట్టి వెళ్లిపోవచ్చు. బావ పెన్ను తీశాడు, చక్రం వైపు చూశాడు, మళ్లీ పెన్ను మూశాడు.

“బావా, ఆ టార్చి ఇటు పట్రా” అన్నాడు చెల్లెలి మొగుడితో.

టార్చి బాబాయ్ వంగి చూశాడు. చివరి రెండు బోల్టులకూ తీగ తిరగేసి కట్టి ఉంది. బిగించాల్సిన తీగ వదులు చేసేలా ఉంది. చుట్టుపక్కల నలుగురు పనులాపి చూస్తున్నారు. బాగానే ఉంది అనేస్తే రాత్రికి ఇంట్లో మాట కలుస్తుంది.

“తిరగబడింది బావా. రెండు.”

బావ మెడ ఎర్రబడింది. టార్చి బాబాయ్ పక్కనున్న బకెట్టు బోర్లించి కూర్చున్నాడు.

“విప్పు. నేనెక్కడికీ పోను.”

“ఆ మాట నాదయ్యా!”

“నీదే. కావాలంటే సంతకం పెట్టుకో.”

బావ ఏదో గొణిగి కటింగ్ ప్లయరు అందుకున్నాడు. పని ముగించి, సంతకం చేసి, గడి పక్కనున్న ఖాళీ అంచు మీద వేలు పెట్టాడు.

“ఇక్కడ నీ ముద్ర కొట్టు.”

“నా గడి తీసేశారుగా.”

“ఆ ఓటు కాగితం మీద ఉందా నీకు గడి?”

టార్చి బాబాయ్ ముద్ర తీసి, నోటితో ఆవిరి పట్టి, గట్టిగా అదిమాడు.