సనావుల్లా మామ ఆలుగడ్డల పాతర

ఆకులు రాలే రోజులు వస్తే మా బర్‌గోట్‌లో జనం చూసేది ఆకాశాన్ని కాదు. సనావుల్లా మామ ఆలుగడ్డలు ఎక్కడ దాస్తున్నాడో చూస్తారు.

మా దగ్గర ప్రతి ఇంటికీ పొలం గట్టున ఒక పాతర ఉంటుంది. రొమ్ము లోతు గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, ఆలుగడ్డలు పోసి, మళ్ళీ గడ్డి వేసి, పలకలు కప్పి మట్టి పోస్తాం. పైన ఆరడుగుల మంచు పడ్డా అవి వసంతం దాకా చెడవు. పదిహేను రోజులకోసారి మగవాళ్ళు మంచు తవ్వుకుని దిగి, కావలసినన్ని తెచ్చుకుంటారు. ఇంట్లో పెడితే పొయ్యి వేడికీ, కింది అరలో కట్టేసిన పశువుల వేడికీ మొలకలొచ్చేస్తాయి. అందుకే ఎవరూ ఇంట్లో పెట్టరు. సరిహద్దు అవతలి నుంచి ఫిరంగి గుండ్లు పడే చలికాలం అయితే తప్ప. అప్పుడు పొలానికి వెళ్ళేదెవరు?

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు మామ పాతర తవ్వలేదు. పద్నాలుగు బస్తాలూ ఇంట్లోకి మోశాడు. ఊరు నవ్వింది. పన్నెండో రోజున అవతలి కొండ నుంచి గుండ్లు పడ్డాయి. నాలుగిళ్ళు కాలిపోయాయి, బడి కప్పు కూలింది. నా చదువు అక్కడితో ఆగింది. మామ ఇంట్లో మాత్రం మేం ముగ్గురం, మామ, ఆయన భార్య మామీ, వాళ్ళ దగ్గర పెరిగిన నేను, ఇంటి పక్కన భూమిలో కట్టిన బంకరులో కూర్చుని ఉడికించిన ఆలుగడ్డలు తిన్నాం.

అప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. సనావుల్లాకి ఎవరు చెప్పారు?

మామ పదహారో ఏట నుంచి సైన్యం పోస్టుకి సరుకు మోసే పోర్టరు. కనుమ మూసుకుపోయే లోపల పై పోస్టులకి చలికాలం సరుకంతా చేర్చాలి. గుర్రం ఉండి, పోస్టు ఇచ్చే పోర్టరు కార్డు ఉన్నవాడికి ఆ పని ఇస్తారు. కాబట్టి పోస్టు వాళ్ళే చెప్పారని ఊరు అనుకుంది. పోస్టు వాళ్ళేమో అవతలి నుంచి కబురు అందిందేమోనని మూడు రోజులు కూర్చోబెట్టి అడిగారు. ఊరికి ఆయన పోస్టు మనిషి, పోస్టుకి ఆయన అవతలి మనిషి. మా ఇంటికి టీ తాగడానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చినవాళ్ళు కప్పు పట్టుకుని ఇంటి మూలలు చూసేవాళ్ళు.

ఓసారి నేనే అడిగాను.

"నిజంగా ఎవరు చెప్పారు మామా?"

"ఎవరు చెప్పాలే పిచ్చిదానా? రోడ్డు చూశా. ప్రతి ఏడూ ఈ రోజులకి సిపాయి కుర్రాళ్ళు సూట్‌కేసులు పట్టుకుని సెలవు మీద దిగుతారు. ఆ ఏడు ఒక్కడూ దిగలా. పైకి పోయే క్యాబేజీ తగ్గింది. చిన్న చిన్న పెట్టెలు వచ్చినై, చూస్తే ఇంతే, గుర్రం మీద పెడితే దాని నడుం వంగింది. కళ్ళున్నోడెవడికైనా కనపడేదే."

"మరి అందరికీ చెప్పొచ్చుగా?"

"చెప్తే ఏమంటారు? నీకెవరు చెప్పారంటారు."

తర్వాత రెండు వైపులా కాల్పులు ఆపేశామన్నారు. మొదటి ఏడు ఎవరూ నమ్మలేదు. రెండో ఏడు సగం నమ్మారు. మూడో ఏడు టూరిస్టులు వచ్చారు. మా పక్కింటి జమాన్ ఖాన్ అంతకు ముందు బంకర్లు కట్టే కాంట్రాక్టు చేసేవాడు. ఇప్పుడు మిగిలిన సిమెంటుతో రెండు గదులు కట్టి, గులాబీ రంగు వేసి, బోర్డు తగిలించాడు. "అప్పుడు గుండ్లు పడేవి, ఇప్పుడు పుణె వాళ్ళు పడుతున్నారు. వీళ్ళకి వేడినీళ్ళిస్తే చాలు, వెళ్ళిపోతారు," అని నవ్వేవాడు.

కానీ గదులు కట్టుకునే స్తోమత అందరికీ లేదు. మా ఊళ్ళో కాసిన్ని డబ్బులు కనపడ్డాయంటే అవి తుపాకుల వెంట వచ్చినవే. పోర్టర్ల కూలి, రోడ్డు పని, బంకర్ల పని, ఇల్లు కాలిపోతే పరిహారం. తుపాకులు ఆగాక పై పోస్టులకి సరుకు తగ్గింది. నలభై కార్డులు పదకొండయ్యాయి. ఈ మాట బయట ఎవరూ అనరు. మా మామీ మాత్రం రొట్టెలు కాలుస్తూ అనేసేది. "ఫైరింగ్ ఆగాలని ఐదు పూటలా దువా చేశాం. ఆగాక ఏం తినాలో ఆ దువాలో అడగడం మర్చిపోయాం."

ఆ పదకొండిట్లో మామ కార్డు ఒకటి. దాని మీద ప్రతి అక్టోబరులో ముద్ర పడాలి. రెండు కిరసనాయిలు డబ్బాలు వీపున కట్టుకుని మూడో మలుపు దాకా ఎక్కాలి. కింద పోస్టు సుబేదార్ సాబ్ గడియారం పట్టుకుని నిలబడతాడు. ముద్ర పడకపోతే పని లేదు. పని లేకపోతే ఆరు నెలల చలికాలం గుర్రానికి మేత లేదు, మాకూ పిండి లేదు.

పోయినేడు సెప్టెంబరులో వాగు పక్కన పుల్లలు ఏరుతూ నేను ఒకటి చూశాను. ఎగువన మామ గుర్రాన్ని ముందు నడిపించి, దాని తోక రెండు చేతులా పట్టుకుని వేలాడుతూ ఎక్కుతున్నాడు. పోర్టర్లలో అంతకు మించిన సిగ్గు లేదు. తోక పట్టుకున్నవాణ్ణి 'నానమ్మా' అని పిలుస్తారు, చచ్చేదాకా ఆ పేరు పోదు. మామ తల తిప్పి నన్ను చూశాడు. నేను చూడనట్టు పుల్లల మీదికి వంగాను.

రెండో రోజున మామీనీ నన్నూ పిలిచాడు. "ఈసారి ఆలుగడ్డలు ఇంట్లో పెట్టేద్దాం."

మామీ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఊరు చూస్తే?"

"ఇప్పుడెవడు చూస్తాడు? అందరూ టూరిస్టుల్ని చూస్తున్నారు."

నాకు అర్థమైంది. పట్టు తప్పిన ఆ మోకాళ్ళతో నడుం లోతు మంచులో పాతర దాకా వెళ్ళడం, దిగడం, ఎక్కడం ఆయన వల్ల కాదు. నేను వెళ్తే సనావుల్లాకి ఏమైందని అడుగుతారు. అడిగితే మాట పోస్టు దాకా పోతుంది. అందుకని బస్తాలు మోశాం.

ఊరు చూడకపోవడమేమిటి? మూడో బస్తా గుమ్మం దాటేసరికే జమాన్ ఖాన్ గోడ మీది నుంచి మెడ సాచాడు. సాయంత్రానికి మరో మూడిళ్ళు పాతరలు తవ్వడం ఆపేశాయి. సరిగ్గా ఆ వారమే గుర్రాల మీద పైకి సిమెంటు వెళ్ళింది. బంకర్లకే అనుకోవడానికి ఇంకేం కావాలి? నాలుగో రోజున గులాబీ గదుల్లో ఉన్న పుణె వాళ్ళని జమాన్ ఏదో చెప్పి పంపించేశాడు, బోర్డు దింపి లోపల పెట్టాడు. గుండ్లు పడితే గడ్డివాముల దాకా వెళ్ళలేం, ఆవులు బంకర్లలో పట్టవు. కనుమ అవతలి నుంచి పశువుల వ్యాపారి ఒకడు లారీతో దిగాడు. జనం సగం ధరకి ఆవుల్ని ఇచ్చేశారు. జమాన్ రెండు ఇచ్చాడు.

ఆ వ్యాపారి ఊళ్ళోకి రాగానే మొదట మా ఇంటికే వచ్చాడు. ఉప్పు టీ నేనే ఇచ్చాను. తలుపు వెనక నిలబడితే మామ గొంతు తగ్గించి అన్న మాట వినపడింది. "అక్టోబరు దాకా ఆగు. అప్పటికి కుదరకపోతే నీకే ఇస్తా." వాడు మామ భుజం తట్టి, బయటికొచ్చి నేరుగా జమాన్ ఇంటి తలుపు కొట్టాడు.

తోక సంగతి తెలిసిన నాకే అనుమానం వచ్చింది. మోకాళ్ళ కోసమే బస్తాలు మోయించాడా? లేక ఊరు చూడాలనే మోయించాడా? ఆ వారమంతా మామ మొహంలోకి చూడకుండా అన్నం పెట్టాను.

గుండ్లు పడలేదు. పైకి వెళ్ళిన సిమెంటు టూరిస్టులు నిలబడి అవతలి ఊళ్ళు చూసే అరుగు కోసమని తేలింది. అంతే, ఊరు మా ఇంటి మీదికి తిరిగింది. ఊరి పెత్తనం చూసే నంబర్దారు హబీబ్ లోన్ పెద్దాయన తన వాకిట్లో అందర్నీ పిలిచాడు. పుకారు పోస్టు నుంచే పుట్టిందంటున్నారని సుబేదార్ సాబ్ కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆడవాళ్ళం గోడ వారన నిలబడ్డాం.

జమాన్ మొదలుపెట్టాడు. "తిట్టడానికి కాదు సనావుల్లా భాయ్, తెలుసుకోడానికి అడుగుతున్నా. ఆవుకి ఎంత ముట్టింది నీకు?"

"నాకేం ముట్టలేదు."

"మరి ఆ లారీవాడు ఊళ్ళో ఇన్నిళ్ళుండగా నీ ఇంటికే ఎందుకొచ్చాడు? మీ ఇంటి టీలో తేనె కలుపుతారా?"

జనం నవ్వారు. మామ నేల చూస్తున్నాడు. నంబర్దారు చెయ్యెత్తి నవ్వు ఆపాడు.

"సరే అదట్టా ఉంచు. ఆలుగడ్డలు ఇంట్లోకెందుకు మోశావు? ఒక్క మాట చెప్పెయ్, అయిపోతుంది."

మోకాళ్ళు పనిచెయ్యడం లేదని చెబితే కార్డు పోతుంది. చెప్పకపోతే పోస్టులో విన్నాడని అనుకుంటారు, అప్పుడూ కార్డు పోతుంది. మామ ఊరికీ పోస్టుకీ నచ్చే అబద్ధం కోసం వెతుకుతున్నాడని నాకు తెలుసు.

"పాతరలోకి నీళ్ళొస్తున్నాయి," అన్నాడు చివరికి.

సుబేదార్ సాబ్ కుర్చీలోంచి లేచాడు. "అయితే పదండి, చూద్దాం."

అందరూ పొలానికి నడిచారు. మామ అందరికంటే వెనక, నొప్పి కనపడకుండా నెమ్మదిగా వచ్చాడు. ముందటేడు పాతర మీద కప్పిన పలకలు తీశారు.

"దిగి చూపించు. ఏ మూల నుంచి వస్తున్నాయో," అన్నాడు సుబేదార్ సాబ్.

మామ అంచున కూర్చున్నాడు. ఒక కాలు దించాడు. రెండో కాలు దించబోతుంటే జారి లోపల పడ్డాడు. పాత గడ్డిలోంచి పొడి దుమ్ము లేచింది. చుక్క తడి లేదు.

"ఎండిపోయిన నీళ్ళనుకుంటా," అన్నాడు జమాన్.

మామ అంచు మీద మోచేతులు ఆనించి లేవబోయాడు. కాళ్ళు నిలవలేదు. మళ్ళీ లేవబోయాడు. ఎవరూ చెయ్యి అందించలేదు. లోపల ఏం దాచాడో బయటపడుతుందేమోనని వంగి చూస్తున్నారు. మూడోసారి ఆయన నావైపు చూశాడు. ఆ చూపు రమ్మందో వద్దందో నాకిప్పటికీ తెలియదు.

నేను వెళ్ళి కంచెకి కట్టిన మా గుర్రాన్ని విప్పి తెచ్చాను. నాకు మగవాళ్ళ మధ్య నడిచే అలవాటు లేదు. తలకున్న గుడ్డ ముందుకి లాక్కుని, గుర్రం వెనక భాగం పాతర వైపు తిప్పి, కళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.

మామ దాన్ని చూశాడు. తోక పట్టుకున్నాడు. అలవాటైన గుర్రం, చెప్పకుండానే ముందుకి అడుగేసింది. మామ మట్టిలో ఈడ్చుకుంటూ పైకి వచ్చాడు.

వెనక నుంచి ఎవరో మెల్లగా, "నానమ్మా," అన్నారు.

సుబేదార్ సాబ్ అడిగాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు చలికాలాలు సాబ్."

ఆయన చెయ్యి చాపాడు. మామ ఫెరన్ అంగీ లోపలి జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. మామీ కంచె వైపు తిరిగింది.

అక్కడితో అనుమానం తీరిందనుకున్నాను. తిరిగి వస్తుంటే జమాన్ పక్కవాడితో అంటున్నాడు. "కుంటితనానికి ఏదో పరిహారం ఇస్తారట కదా. ఆ పిల్ల గుర్రాన్ని ఎంత రెడీగా తెచ్చిందో చూశావా?"

తర్వాతి వారం లారీవాడు వచ్చి గుర్రాన్ని తీసుకెళ్ళాడు. కుదరకపోతే ఇస్తానన్నది దాన్నేనని అప్పుడు తెలిసింది. మామ మంచు పడేదాకా నాతో మాట్లాడలేదు. మామీ టూరిస్టుల దుప్పట్లు ఉతికింది, నేను జమాన్ గదులు ఊడ్చాను. చలికాలం అలా గడిచింది.

ఈ ఏడు పాతర నేనే తవ్వాను. నేను తవ్వుతున్నంతసేపూ గుమ్మాల్లో మనుషులున్నారు. బస్తాలు పోశాను, గడ్డి వేశాను, పలకలు కప్పాను. మర్నాటికల్లా అందరూ పారలు పట్టుకుని పొలాల్లోకి వచ్చారు. జమాన్ బోర్డు తుడిచి మళ్ళీ తగిలించాడు.

పాతరలో పోసింది ఎనిమిది బస్తాలు. మిగిలిన ఆరింటినీ ఉతికిన బట్టల గంపల్లో, పైన దుప్పట్లు కప్పి, నాలుగు రోజులుగా కొంచెం కొంచెం ఇంట్లోకి చేర్చాను. ఆఖరి గంప దించుతుంటే పొయ్యి పక్కన కూర్చున్న మామ అడిగాడు.

"రోడ్డు చూస్తున్నావా?"

"చూస్తున్నా."

"సూట్‌కేసులు ఎన్ని దిగాయి?"

"ఏడు. పోయినేడు ఈపాటికి పందొమ్మిది."

"ఎవరికన్నా చెప్పావా?"

చెప్పలేదని తల ఊపాను. మామ తలుపు వైపు చూశాడు. తర్వాత చేత్తో కాలు పక్కకి జరుపుకుని, గంపకి చోటిచ్చాడు.

"ఆ మూల వేడి తగులుతుంది. ఇటు పెట్టు," అన్నాడు.