ఇంట్లో ఉంటే కాక

మా నాయనమ్మ జ్వరం అనే మాటను ఇంట్లోకి రానిచ్చేది కాదు. పిల్లల ఒళ్ళు ఎంత వేడెక్కినా ఆవిడ నోట వచ్చేది 'కాక' ఒక్కటే. పాలు కాగినా కాకే, ఒళ్ళు కాగినా కాకే, కాగింది చల్లారక ఎక్కడికి పోతుంది అనేది. ఇంట్లో తగ్గేది కాక, డాక్టరు సూది వేస్తే గాని తగ్గనిది జ్వరం. ఆవిడ వైద్యమంతా అంతే. చాలా ఏళ్ళకు నిఘంటువు తిరగేస్తే, కాగు అనే మాట నుంచే కాక పుట్టిందని కనిపించింది. ఆవిడ పక్కన కూర్చున్నట్టే అనిపించి నవ్వుకున్నాను.

నుదురు తాకి కాక చూసే పని అమ్మది. మిరపకాయల రోజుల్లో మాత్రం ఆ పని సరిగ్గా సాగేది కాదు. పొద్దస్తమానం కల్లంలో రంగు తెల్లబారిన తాలుకాయలు ఏరి, తొడిమలు తీసి ఇంటికొచ్చేసరికి అమ్మ చేతులు భగభగ మండుతుండేవి. మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె రాసినా ఆ మంట ఒక పట్టాన దిగేది కాదు.

నేను చిన్నబడిలో ఉండగా ఒక సాయంత్రం మంచం దిగలేకపోయాను. అమ్మ వచ్చి, ఘాటు నా కళ్ళకు తగులుతుందని చెయ్యి తిప్పి, వెనకవైపు నా నుదుటికి ఆనించింది. ఆ చేతి మంట ముందు నా వేడి ఏం తెలుస్తుంది? ఏమీ లేదు, ఆడి అలిసిపోయిందని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది కానీ ఏడవడానికీ ఓపిక లేదు.

కాయల రాశులకు కాపలా కూర్చున్న నాయనమ్మ చీకటి పడుతుండగా ఇంటికొచ్చింది. నా పక్కన కూర్చుని చెంప తెచ్చి నా నుదుటికి ఆనించింది. తర్వాత నాన్నను పిలిచింది.

"ఒరేయ్, బండి తియ్యి. పిల్లకి జరం."

ఆవిడ నోట ఆ మాట వినడం అందరికీ అదే మొదలు. అమ్మ కడుగుతున్న బియ్యం అక్కడే వదిలేసి పరుగున వచ్చింది. పక్క ఊరి డాక్టరు దగ్గరికి వెళ్ళినంత సేపూ, మోపెడ్ మీద నన్ను మోచేతుల మధ్య ఇరికించుకుని, అరచేతులు మాత్రం నాకు తగలకుండా దూరంగా పెట్టుకుంది. "నా చేతులు పడిపోను" అని తిట్టుకుంటూనే ఉంది. నాకు మాత్రం అమ్మ అంత గట్టిగా పట్టుకోవడం ఎంతో బాగుంది.

అప్పటి నుంచి అమ్మ తన చేతుల్ని నమ్మలేదు. చెంపతోనే చూసేది. చీరకంటిన మిరపఘాటుకు నేను తుమ్మితే, తుమ్మిందంటే బాగానే ఉన్నట్టు అనేది.

నాయనమ్మ పోయాక, నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో, అమ్మ మంచాన పడిందంటే కొత్త థర్మామీటరు కొనుక్కుని వెళ్ళాను. అది చూపించిన అంకె నాకు నచ్చలేదు. బ్యాగులో పడేసి, వంగి అమ్మ నుదుటికి చెంప ఆనించాను. కాలిపోతోంది. అమ్మ కళ్ళు తెరిచి, నా నోట ఏ మాట వస్తుందా అని చూస్తోంది.

"కాకేనమ్మా," అన్నాను.

అమ్మ కుదుటపడి కళ్ళు మూసుకుంది. నేను వాకిట్లోకి వచ్చి, త్వరగా రమ్మని ఆటో అతనికి ఫోన్ చేశాను.