గోడల్లేని ఇంటికి తలుపు

సున్నం బాబాయి దృష్టిలో నేల మీద గీత గీస్తే అది గోడ కింద లెక్క. మనబోటి వాళ్లకు తెల్లటి గీత కనిపించే చోట ఆయనకు ఇటుకా సిమెంటూ కనిపిస్తాయి. పొరపాటున దాని మీద కాలు వేశామా, గోడ మన మీద కూలినంత కంగారు పడతాడు.

దీనికి కారణం లేకపోలేదు. ఆటల మైదానంలో గీతలు గీయడం ఆయన ఉద్యోగం. చక్రాల డబ్బాలో సున్నం పోసి ఈ చివర నుంచి ఆ చివరకు నెట్టుకుంటూ పోతాడు. బంతి గీతకు ఇవతల పడితే ఒకడు ఏడుస్తాడు, అవతల పడితే ఇంకొకడు ఏడుస్తాడు, గీత మాత్రం తప్పు చేయకూడదు. "గీత గీశాక గీతే" అంటాడు. అందుకే వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన సున్నం బాబాయి, ఆయన భార్య పిన్ని.

ఇంట్లో స్కూటరుకో గీత, చీపురుకో గీత, చెప్పులకో గీత. "నాక్కూడా ఒకటి గీయండి, అందులోనే నిలబడి వంట చేస్తాను" అంది పిన్ని కాపురానికి వచ్చిన కొత్తల్లో. మర్నాడు పొద్దున పొయ్యి ముందు గీత ఉంది. అప్పట్నుంచి ఆవిడ ఎగతాళి మానేసింది.

ఇలా ఉండగా పిన్నికి ఒక బెంగ పట్టుకుంది. ఆవిడ తల్లి, బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన పెద్ద టీచరమ్మ, లిఫ్టు లేని మేడ మీద పై అంతస్తులో అద్దెకుంటుంది. మోకాళ్లు పోయాయి. మెట్లెక్కుతూ మధ్యలో ఆగాల్సి వస్తే, ఆగినట్టు ఎవరికీ తెలియకుండా, గోడకు వేసిన రంగు పరీక్షిస్తున్నట్టు నిలబడేది. ఒకసారి కాలు జారి రెయిలింగు పట్టుకుని బతికింది.

"మా ఇంటికి వచ్చెయ్యమ్మా" అంది పిన్ని.

"రెండు రోజులుంటే చుట్టాన్ని. మూడో రోజు నుంచి నేనెవర్నే?"

"పెరట్లో నీకోసం చిన్న ఇల్లు కట్టిస్తారట ఆయన."

"అల్లుడు కట్టిస్తే అది అల్లుడిల్లు. ఇన్నేళ్లూ నా జీతం మీద నేను బతికాను, నిన్ను పెంచాను. ఈ వయసులో ఒకళ్ల పెరట్లో పడి ఉండటానికి నాకేం ఖర్మ?"

ఆ మాటకు పిన్నికి కోపం రావాలి. గర్వం వచ్చింది. అలాంటి మనిషి కాబట్టే తను ఇంతదయింది. కానీ గర్వం మోకాళ్లకు పనికొచ్చే మందు కాదు కదా.

బాబాయి ఇదంతా విన్నాడు. మర్నాడు సున్నం డబ్బా చక్రాలు కిర్రుమంటూ పెరట్లోకి వెళ్లాయి.

మధ్యాహ్నానికల్లా పెరట్లో ఇల్లు తయారైంది. హాలు, పడకగది, వంటిల్లు, బాత్రూం, అన్నీ గీతలే. తలుపు రావాల్సిన చోట ఖాళీ రేకు డబ్బా ఒకటి బోర్లించాడు. వచ్చినవాళ్లు దాని మీద కొట్టాలి.

పిన్ని మామూలుగా టీ పట్టుకెళ్లి చెయ్యి చాపింది.

"గోడలోంచి గ్లాసు ఇస్తే ఎలా పుచ్చుకుంటాను?" అన్నాడు బాబాయి, హాల్లో కుర్చీ వేసుకుని.

"గోడెక్కడుందండీ? ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నారు."

"తలుపు దగ్గరికి వెళ్లు."

పిన్ని చుట్టూ తిరిగి వెళ్లి డబ్బా మీద కొట్టింది. "ఎవరూ?" అన్నాడు లోపల్నుంచి. ఎవరో చెప్పకుండా టీ తనే తాగేసి వచ్చింది. వీధిలో పిల్లి ఒకటి మాత్రం గోడలన్నీ దాటుకుంటూ తిరిగేది. దానికి నచ్చజెప్పడానికి బాబాయి చాలా ప్రయత్నం చేశాడు.

ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇచ్చే ఆఫీసరు స్థలం చూడటానికి వచ్చాడు. చేతిలో టేపు, చంకలో ఫైలు. సరాసరి పెరటి మధ్యకు నడిచాడు.

"ఆగండి సార్. మీరు బాత్రూంలో ఉన్నారు."

ఆఫీసరు గభాలున చుట్టూ చూసుకున్నాడు.

"గోడలోంచి వచ్చేశారు. ఒకసారి వెనక్కి వెళ్లి తలుపు కొట్టి రండి."

"తలుపేదీ?"

"ఆ డబ్బా."

పాపం, పెద్దమనిషి. వెళ్లి కొట్టాడు. హాల్లో కుర్చీలో కూర్చుని టీ తాగుతూ, ప్రహరీకీ ఇంటికీ మధ్య మనిషి తిరిగేంత ఖాళీ ఉండాలని, మురుగు పైపు మీదకు గోడ రాకూడదని, ఈ ఇంటికి విడిగా దారీ విడిగా కరెంటు మీటరూ పెట్టుకోవాలని చెప్పాడు. అన్నీ కాలితో నడిచి చూశాడు. "ఎన్నో ప్లాన్లు చూశాను గానీ, లోపల కూర్చుని టీ తాగిన ప్లాను ఇదే" అని లేచి, ఎవరూ చెప్పకుండానే తలుపు గుండా బయటకు వచ్చాడు.

"ఇంతకీ ఇందులో ఎవరుంటారు?"

"యజమాని ఉంటారు" అన్నాడు బాబాయి.

"యజమాని మీరేగా?"

"నేను పక్కింటివాణ్ణి సార్."

పిన్ని తల పట్టుకుంది. ఉన్న పిచ్చికి ఇదొకటి తోడైందనుకుంది.

ఆ ఆదివారం పెద్ద టీచరమ్మ భోజనానికి వచ్చింది. ఆవిడ సంగతి ఒకటి చెప్పాలి. తప్పు కనపడితే దిద్దందే ఆవిడకు ముద్ద దిగదు. ఎవరింటికి వెళ్లినా గోడ మీద పటం వంకరగా ఉంటే సరిచేశాకే కూర్చుంటుంది. పెరటి వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చినట్టుంది, చేయి కడుక్కోవడానికి వెళ్లి చూసేసింది.

"ఆ పడకగది కిటికీలోంచి ఏం కనపడుతుంది అల్లుడుగారూ?"

"ప్రహరీగోడ అత్తయ్యా."

"గోడ చూడ్డానికి కిటికీ ఎందుకు?"

బాబాయి బుర్ర గోక్కున్నాడు. "నిజమే. తోచలేదు. ఎటు పెట్టమంటారు?"

"తూర్పుకు పెట్టండి. నాకెందుకులెండి, ఎవరుంటారో వాళ్లకు వెలుతురు ఉండాలి కదా."

బాబాయి పాత గీత చెరిపి కొత్తది గీశాడు. తరువాతి ఆదివారానికి ఆవిడకు ఇంకో తప్పు దొరికింది, వంటింటి తలుపు తెరిస్తే బాత్రూం తలుపు మూసుకుపోతోంది. ఆ పైవారం మంచం గదిలో పడుతోంది గానీ మనిషి దిగడానికి చోటు లేదు. పెద్ద టీచరమ్మ ఆదివారాలతో ఆగలేకపోయింది. మధ్యలో కూడా వచ్చి, డబ్బా మీద కొట్టి, లోపలికెళ్లి, చేతికర్రతో ఒక్కో గదీ దిద్దేది.

పిన్నికి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఒకపక్క వానలు దగ్గర పడుతున్నాయి, ఇంకోపక్క అమ్మ ఆ మెట్లే ఎక్కుతోంది, దిగుతోంది. "ఊళ్లోవాళ్ల ఆటకు చక్కగా గీస్తారు, సొంత పెరట్లోకి వచ్చేసరికి చెయ్యి ఎందుకు వంకరపోతోందండీ?"

"పెద్దవాణ్ణవుతున్నాను కదే" అన్నాడు బాబాయి అమాయకంగా.

ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. ఇల్లు మొత్తం తెల్లగా కరిగి కాలవలోకి పోయింది. రేకు డబ్బా ఒక్కటే మిగిలింది. పిన్ని వరండాలో నిలబడి కళ్లు తుడుచుకుంది. ఇక అమ్మ ఎప్పటికీ రాదు అనుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆటోలోంచి పెద్ద టీచరమ్మ దిగింది. పెరటి అంచున ఆగిపోయింది.

"ఇల్లేదీ?"

"కొట్టుకుపోయింది అత్తయ్యా" అన్నాడు బాబాయి. "ఏది ఎక్కడుందో నాకు గుర్తు కూడా లేదు."

"మీకు లేకపోతే నాకుంది. నా ఇల్లు నాకు గుర్తుండదా?"

పెద్ద టీచరమ్మ తిన్నగా డబ్బా దగ్గరికి వెళ్లి, అలవాటు కొద్దీ దాని మీద కొట్టి, లోపలికి నడిచింది. అల్లుడి చేతిలోంచి సున్నం బండి లాక్కుంది. కర్ర పక్కన పడేసి, బండి మీద ఆనుకుని, గది తరవాత గది గీసుకుంటూ పోయింది. "ఇక్కడ నా మంచం. ఇదిగో తూర్పు కిటికీ. పుస్తకాల బీరువా ఇక్కడ, దీన్నెవరూ కదపకూడదు." గీతలు అచ్చం పాములే. కిటికీ దగ్గర గోడ ఒకటి బయటకు పొట్ట పెట్టింది.

బాబాయి సున్నం చేత్తో మొహం తుడుచుకున్నాడు. మొహమంతా తెల్లబడింది.

"ఎప్పుడు దిగుతావమ్మా?" అంది పిన్ని మెల్లగా.

"ముందు కట్టనివ్వండి. నా ఇంట్లో నేను కాక ఇంకెవరు దిగుతారే?"

పునాది తవ్వడానికి వచ్చిన మేస్త్రి, "ఈ గోడ వంకరండీ, దారం పెట్టి సరిగ్గా లాగనా?" అని అడిగాడు.

"గీత గీశాక గీతే" అన్నాడు బాబాయి.

ఇల్లు లేచింది. పొట్ట పెట్టిన చోట పడక్కుర్చీ సరిగ్గా ఇమిడింది. దాని కోసమే అలా గీశానని పెద్ద టీచరమ్మ వచ్చినవాళ్లకల్లా చెప్పేది. "ప్లాను మొత్తం నాదే. మా అల్లుడుగారు బంగారం, కానీ ఇళ్ల సంగతి తెలీదు పాపం."

"తెలీదండీ" అనేవాడు బాబాయి పక్కనే నిలబడి.

ఒకరోజు పిన్ని భోజనం డబ్బా ఇవ్వడానికి మైదానానికి వెళ్లింది. బాబాయి ఎవరితోనో కబుర్లు చెబుతూ, గీత తిన్నగా రావడానికి కట్టే తాడు కూడా లేకుండా, కిందికి కూడా చూడకుండా బండి నెడుతున్నాడు. వెనకాల గీత ఈ చివర నుంచి ఆ చివరకు వెంట్రుకవాసి తేడా లేకుండా పడుతోంది. పిన్ని దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"ఏమండీ, ఆ గోడ చూసే కిటికీ..."

బాబాయి బండి ఆపి అటూ ఇటూ చూశాడు. "మీ అమ్మకు చెప్పకు. తప్పు గీయడం ఎంత కష్టమో నీకేం తెలుసు. ఆ కిటికీ గీసేటప్పుడు చెయ్యి వణికిపోయింది."

"మరి ఆ డబ్బా? అందరిచేతా కొట్టించారెందుకు?"

"ఇల్లు ఆవిడదైతే అడిగే రావాలి కదా. అలవాటు పడొద్దూ, మనం?"

పిన్ని భోజనం డబ్బా గట్టు మీద పెట్టింది. తల్లిని చూసి గర్వపడటం ఆవిడకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఈ సున్నం మొహాన్ని చూసి ఇంత గర్వం రావడం మాత్రం కొత్త. ఆ మాట పైకే అంది. బాబాయి సిగ్గుపడి సున్నం కలుపుకున్నాడు.

కట్టిన ఇల్లు చూసుకోవడానికి ఆఫీసరు మళ్లీ వచ్చాడు. తలుపు బార్లా తీసే ఉంది. అయినా గుమ్మం ముందు ఆగి, బుద్ధిగా కొట్టాడు. వెనకాలే బాబాయి, పిన్ని.

"ఎవరూ?" అంది లోపల్నుంచి పెద్ద టీచరమ్మ.

"పక్కింటివాళ్లం అత్తయ్యా" అన్నాడు బాబాయి.

"రండి. చెప్పులు గీత అవతలే విడవండి."

ముగ్గురూ కిందికి చూశారు. గుమ్మం ముందు సున్నంతో కొత్తగా గీసిన గీత ఉంది, అడ్డదిడ్డంగా. బాబాయి వేళ్లు సరిచేయాలని జివ్వుమన్నాయి. పిన్ని ఆయన్నే చూస్తోంది. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, చెప్పులు గీత అవతల విడిచి లోపలికి వెళ్లాడు.