సెప్టెంబరు పరీక్ష

జోలీన్ స్టాడ్నిక్‌కు ముప్పై దాటాక జాతీయ ఐస్ హాకీ జట్టు శిబిరం నుంచి పిలుపు వచ్చింది. మామూలుగా ఆ పిలుపు వచ్చే వయసు కాదది. ఊరు మర్యాదగా ఆ సంగతి ఎత్తలేదు. తండ్రి వాల్టర్ మాత్రం, హాకీ ఆడే రింకులో మంచు చదునుచేసే బండి మీంచి దిగకుండానే, ఆలస్యంగా పండినా గోధుమ గోధుమేనన్నాడు.

కెనడాలోని సస్కాచువాన్‌లో ఆ ఊరికి ధాన్యం గిడ్డంగి, చర్చి, రింకు తప్ప చెప్పుకోదగ్గవి లేవు. పశువుల కోసం పొలంలో తవ్విన గుంట గడ్డకట్టగానే, వంటింటి కుర్చీ తోసుకుంటూ ఆమె స్కేట్ల మీద నిలబడటం నేర్చింది. పదమూడేళ్ల దాకా మగపిల్లల జట్టులోనే ఆడింది. వాళ్లు గదిలో బట్టలు మార్చుకుంటుంటే ఈమె చీపుళ్లు, బకెట్లు పెట్టే కొట్లో మార్చుకునేది. కోచ్ చెప్పే ఎత్తులన్నీ గోడ అవతలి నుంచే వినేది. ఆ తర్వాత కాలేజీ జట్టు. జీతమిచ్చిన క్లబ్బులు రెండూ ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. కోతల కాలంలో ధాన్యం లారీ తోలి, చలికాలంలో ఆడింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే ప్రాక్టీసు ఉందనేది. నిజంగానే ఉండేది.

ఈ ఆటవాళ్లకు ఒక తంతు ఉంది. ఏటా సెప్టెంబరులో ఒక్కొక్కరినీ కంప్యూటరు ముందు కూర్చోబెడతారు. కొన్ని మాటలు చూపించి మళ్లీ చెప్పమంటారు, రంగు మారగానే మీట నొక్కమంటారు. బుర్ర బాగున్నప్పుడు ఎంత పనిచేస్తుందో తెలియడానికి. తలకు దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష; సెప్టెంబరు మార్కులు అందుకునేదాకా మంచు మీదికి రానివ్వరు. అందుకని ఆరితేరినవాళ్లు సెప్టెంబరులో కావాలనే తప్పులు పెట్టి మొద్దుల్లా కూర్చుంటారు. జోలీన్‌కు ఎవరో సీనియర్ నేర్పింది. తనతో జంటగా డిఫెన్స్ ఆడే బ్రయోనీకి జోలీన్ నేర్పింది.

“సెప్టెంబర్లో మొద్దువైతే జనవరిలో తెలివైనదానివవుతావే.”

బ్రయోనీ మరీ మొద్దుగా చేసేసరికి డాక్టరు ఆమెను కళ్ల పరీక్షకు పంపింది. జట్టంతా చాన్నాళ్లు ఏడిపించింది.

జనవరిలో ఒక మ్యాచిలో, రింకు మూల పక్ అనే రబ్బరు బిళ్ల కోసం వంగిన జోలీన్‌ను వెనక నుంచి అవతలి జట్టు పిల్ల గుద్దింది. హెల్మెట్ రింకు చుట్టూ ఉండే చెక్కగోడకు కొట్టుకుంది. ఆమె లేచింది. ఎవరో అడిగితే స్కోరు సరిగ్గానే చెప్పింది. ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం పెట్రోలు బంకు దీపాలు కళ్లలో సూదుల్లా గుచ్చుకున్నాయి.

కొన్నాళ్లు పడుకోబెట్టి మళ్లీ పరీక్ష పెట్టారు. ఉన్న బుర్రంతా కూడగట్టుకుని చేసింది. సెప్టెంబరు కన్నా కాస్త ఎక్కువే మార్కులు వచ్చాయి. జట్టు డాక్టరు నాడీన్ నవ్వి, ఇక ఆడుకోమంది. వసంతంలో జరిగే ప్రపంచ పోటీలకు జట్టును మరో వారంలో ప్రకటిస్తారు. వాల్టర్ అప్పటికే సగం ఊరికి చాటేశాడు.

మంచు మీదికి వెళ్తే పక్ రెండుగా కనబడింది. ఏదో ఒకటి ఎంచుకుని కొట్టసాగింది. ఒక్కోసారి కుదిరేది. ఒకరోజు బ్రయోనీ అందించిన పక్ ఆమె కర్ర పక్కనుంచి దూసుకుపోయి సొంత గోల్‌లో పడింది.

బట్టలు మార్చుకునే గదిలో బ్రయోనీ స్కేట్ల తాళ్లు విప్పుకుంటూ, తలెత్తకుండా అడిగింది.

“ఎన్ని కనబడుతున్నాయి?”

“ఏవి?”

“నా దగ్గర వేషాలొద్దు జో. ఈ చదువు చెప్పింది నువ్వే.”

“ఒక్క వారం ఆగవే. పేర్లు రానీ.”

“ఈలోగా ఇంకోటి తగిల్తే? పక్కనుండేది నేను. నువ్వు పడిపోతే చూడాల్సింది నేను.”

మర్నాడు జోలీన్ డాక్టరు దగ్గరికెళ్లి తల నొప్పిగా ఉందని మాత్రం చెప్పింది. మార్కులు బాగున్నాయిగా, పేర్లు ప్రకటించే ముందు అందరికీ ఉండే బెంగేలే అని నాడీన్ భుజం తట్టి పంపేసింది. బయటికొచ్చిన జోలీన్‌కు కారు ఎక్కడ పెట్టిందో గుర్తురాలేదు. ఆ చలిలో వరసలన్నీ వెతికింది. కారు దొరికింది, ఎక్కకుండా వెనక్కి వెళ్లింది.

“డాక్టర్ గారూ, సెప్టెంబర్లో నేను కావాలనే తప్పులు పెట్టాను.”

నాడీన్ సెప్టెంబరు మార్కుల కాగితం తీసి ముందు పెట్టుకుంది. ఇంకా ఎవరెవరని అడిగింది. తానొక్కతేనంది జోలీన్.

“మరి నిజంగా చేస్తే ఎన్నొచ్చేవి?”

“తెలీదు. ఏ యేడూ నిజంగా చెయ్యలేదు.”

“నువ్వు కోలుకున్నావని చెప్పాలంటే దేంతో పోల్చనమ్మా?”

“ఇప్పుడు పెట్టండి. బాగా చేస్తాను.”

“ఇప్పుడు చేస్తే ఇప్పటి బుర్రే తెలుస్తుంది.”

ప్రకటించిన పేర్లలో బ్రయోనీది ఉంది. జోలీన్‌ది లేదు. వేసవికి తలనొప్పి తగ్గింది, పక్ కూడా ఒకటే కనబడింది. అయినా ఆమె ఎంత పోగొట్టుకుందో, ఎంత తిరిగొచ్చిందో చెప్పగలిగిన డాక్టరు దొరకలేదు. ఆడొచ్చని మాట ఇచ్చినవాళ్లూ లేరు.

వాల్టర్ వారం వారం ఫోన్ చేసేవాడు.

“ఎప్పటికి ఆడనిస్తారట?”

“చెప్పలేకపోతున్నారు నాన్నా.”

“అంత చదివారు, ఆమాత్రం చెప్పలేరా?”

ఆమె సెప్టెంబరు సంగతి చెబుదామనే అనుకుంది.

“ఇంకా పరీక్షలు చేస్తున్నార్లే.”

ఆ మాట వాల్టర్ రింకులో చెప్పాడు, గిడ్డంగి దగ్గర చెప్పాడు, చర్చి మెట్ల మీద చెప్పాడు. కోతలు మొదలై ఆమె లారీ తోలడానికి ఇంటికొచ్చేసరికి, ఫలితాలు వచ్చాయా అని అడగనివాళ్లు ఊళ్లో లేరు.