చక్రం చల్లబడేదాకా

మావారు గత బుధవారం పంజాగుట్టలోని ఆసుపత్రిలో కన్నుమూశారు. జ్ఞాపకార్థ కూడికలో మీలో ఒకరు లేచి, ఆయనకు పడవంటే ప్రాణమని సాక్ష్యం చెప్పారు. తప్పు. పడవంటే ఇష్టం మాత్రమే. ప్రాణమంతా దాన్ని మోసే ట్రైలరు చక్రాల్లో, వాటి లోపలి బేరింగుల్లో ఉండేది. కట్టుకున్నదాన్ని, నాకు తెలియదా?

సెలవు రోజుల్లో శ్రీనగర్ కాలనీ నుంచి ఆ చిన్న తెరచాప పడవను కారు వెనక తగిలించుకుని హుస్సేన్ సాగర్‌కు బయలుదేరేవాళ్లం. ఒడ్డు చేరగానే అందరూ ట్రైలరును చక్రాలతో సహా నీళ్లలోకి నెట్టి పడవలు దించేస్తారు. ఈయన దించరు. చక్రం మధ్యనున్న మూత మీద, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు, అరచెయ్యి ఆనించేవారు. వెచ్చగా తగిలితే కుర్చీలు వేసెయ్యడమే.

"ఏంది సార్, బండికి జరమొచ్చిందా?" అని పక్క పడవవాళ్ల వేళాకోళం.

"జరమున్నోని మీద చన్నీళ్లు గుమ్మరిస్తవా భాయ్? గంత తొందరేంది?" అని ఈయన జవాబు.

"ఇంత దూరానికే వేడెక్కేది నా బుర్ర ఒక్కటేనండీ" అనేదాన్ని నేను.

"దానికి సుత టీ తెచ్చిన" అనేవారు, ఫ్లాస్కు తీస్తూ.

వేడి మీదున్న చక్రాన్ని నీళ్లలో దించితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లను పీల్చుకుంటుందట. గ్రీజు మజ్జిగలా తెల్లబడి, బేరింగు తుప్పు పడుతుందట. "తప్పు నీళ్లది కాదు, తొందరది" అనేవారు.

నాకు ఈత రాదు, పడవెక్కను. నీళ్ల మీద గడిపిందంతా ఆయన సొంతం. నాకు దక్కింది చక్రం చల్లబడే ఆ కాస్త సమయమే. మైత్రీవనం కోచింగు సెంటర్లలో పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు అరగదీసుకున్న మనిషి, ఇంట్లో మాటకు పొదుపు. ఒడ్డున మాత్రం ఆగని కబుర్లు. కొన్నిసార్లు చక్రం ఎప్పుడో చల్లబడిపోయి ఉండేది. నేను చెప్పేదాన్ని కాదు. ఆయనా చెయ్యి పెట్టి చూసేవారు కాదు.

చివరిసారి పడవను పైకి లాగుతూనే ఛాతీ పట్టుకున్నారు. ట్రైలరును ఎవరో తడి చక్రాలతోనే ఇంటికి చేర్చారు. ఆసుపత్రి మంచం మీదా అదే ధ్యాస: "మూత తీసి చూసినవా? లోపలికి నీళ్లు పోయినయేమో."

"ముందు మీరు లేవండి. మీరే చూద్దురు."

లేవలేదు. నేను మూత తీయనూ లేదు. ట్రైలరును పాత ఇనుముకు ఇచ్చేద్దామంటున్నారు పిల్లలు. నేనివ్వను. కానీ లోపలి తుప్పు నా దుఃఖం తీరేదాకా ఆగదు కదా.

కాబట్టి, ఓదార్చడానికి వస్తామంటున్నవాళ్లు పూలూ పళ్లూ తేవొద్దు. చేతనైనవారు ఒకరు, అమీర్‌పేటలో నీళ్లకు కొట్టుకుపోని గ్రీజు డబ్బా కొనుక్కుని శనివారం పొద్దున రండి. చక్రాన్ని జాకీ మీద లేపి, మూత అంచు చుట్టూ మెల్లగా తట్టి తీయండి. పాత గ్రీజంతా తుడిచి, కొత్తది బేరింగు రోలర్ల మధ్యకు వేళ్లతో కూరండి. బిగించాక ఒక్కసారి చేత్తో తిప్పండి. గరగరమంటే చెప్పండి, బేరింగే మార్పిద్దాం. చప్పుడు లేకపోతే మాత్రం పట్టుకోకండి. దానంతటదే ఆగేదాకా తిరగనివ్వండి.